కాంపర్ వ్యాన్‌లో నేను పెట్టిన బెస్ట్ గాడ్జెట్... ఒక ఫ్యూజ్!

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫోన్ రివ్యూ కాదు. కెమెరా శాంపిల్స్ ఉండవు, బెంచ్‌మార్క్ స్కోర్లు అసలే ఉండవు. కానీ నేను ఇప్పటిదాకా వాడిన గాడ్జెట్లన్నీ కలిపి నేర్పనిది నాకు ఒక పాత బండి నేర్పింది. 2007 మోడల్ మారుతి ఓమ్ని. దాన్ని బాగు చేయించి కాంపర్ వ్యాన్‌గా మార్చుకున్నాను. మార్చేటప్పుడు ఒక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు జరిగిన రోజు బండిలో పడుకుని ఉన్నది నేను కాదు, మా అమ్మా నాన్నా. అందుకే ఇది రాస్తున్నా.

ఇప్పుడు ఎక్కడ చూసినా వ్యాన్ లైఫ్ వీడియోలే. ఫెయిరీ లైట్లు, ఫ్రిజ్, కాఫీ మెషీన్, పైన సోలార్ ప్యానెల్. చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. టెక్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ లాగుతుంది, ఎందుకంటే అందులో బ్యాటరీలు ఉన్నాయి, వాట్లు ఉన్నాయి, యాప్‌లో గ్రాఫులు ఉన్నాయి. నా అభిప్రాయం మాత్రం సూటిగా ఇదీ: పాత వ్యాన్‌ని కాంపర్ చేయడంలో గాడ్జెట్లు చివర రావాలి. మనలాంటివాళ్ళం వాటితోనే మొదలుపెడతాం. ప్రమాదం అక్కడే ఉంది.

మైక్ సెట్ బండి

ఈ ఓమ్ని మా మావయ్యది. కాకినాడ దగ్గర ఆయనకి మైక్ సెట్, లైటింగ్ షాపు ఉండేది. పెళ్ళిళ్ళు, తీర్థాలు, వినాయక చవితి పందిళ్ళు, ఎక్కడికైనా స్పీకర్ బాక్సులు, ఆంప్లిఫయర్లు, సీరియల్ సెట్లు ఈ బండిలోనే వెళ్ళేవి. షాపు మూసేశాక బండి ఇంటి వెనక కొబ్బరి చెట్ల కింద మూడేళ్ళు పడి ఉంది. "తుక్కుకి ఇచ్చే బదులు నువ్వు తీసుకోరా అల్లుడూ" అన్నాడు.

ఓమ్ని గురించి ఇప్పటి కుర్రాళ్ళకి రెండు ముక్కలు. 1984లో మారుతి వ్యాన్ అనే పేరుతో వచ్చింది, తర్వాత ఓమ్ని అయింది, 2019లో ఆగిపోయింది. 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, పవర్ వెనక చక్రాలకి వెళ్తుంది. మొత్తం పొడవు 3,370 మిల్లీమీటర్లు. అంటే ఇప్పటి చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల కంటే కూడా పొట్టిది. కానీ ముందు బానెట్ లేదు కాబట్టి ఉన్న పొడవంతా లోపలి చోటే. పైగా పక్కకి జరిగే తలుపులు. చిన్న కాంపర్‌కి ఇంతకంటే చవకైన పెట్టె మన దగ్గర దొరకడం కష్టం.

బండి చేతికి రాకముందే నేను స్ప్రెడ్‌షీట్ తయారు చేసేశాను. బ్యాటరీ, ఇన్వర్టర్, ఫ్రిజ్, స్మార్ట్ లైట్లు. నలభై వరుసలు ఉన్నాయి అందులో. బ్రేకులకి ఒక్క వరుస కూడా లేదు.

తుప్పు మీద లప్పం పెట్టొద్దు

మొదటి దెబ్బ ఫ్లోర్ మ్యాట్ ఎత్తగానే తగిలింది. సముద్రపు గాలి, మూడు వానాకాలాలు, కదలని బండి. డ్రైవర్ కాళ్ళ దగ్గర రేకు వేలితో నొక్కితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. వెనక చక్రాల పైన ఉన్న వంపుల్లో, తలుపుల కింద అంచుల్లో కూడా అదే కథ.

ఇక్కడ మీకు రెండు దారులు దొరుకుతాయి. ఒకటి, పైపైన గీకి, లప్పం పెట్టి, రంగు కొట్టేయడం. ఫొటోల్లో బండి షోరూమ్ నుంచి వచ్చినట్టు ఉంటుంది. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఏడాది తిరగకుండా బుడగలు లేస్తాయి. రెండోది, కుళ్ళిన రేకుని గ్రైండర్‌తో పూర్తిగా కోసేసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, ప్రైమర్, దాని పైన సీలర్, ఆ పైన రంగు. ఖర్చు ఎక్కువ, టైమ్ ఎక్కువ, చూసేవాడికి తేడా తెలియదు.

నేను బండిని విజయవాడ ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడి పెద్ద మేస్త్రి సుత్తి తిరగేసి పిడితో రేకు మీద కొడుతూ చెవి పెట్టి విన్నాడు. ఖంగుమంటే మంచి రేకు, డొప్పుమంటే పోయిన రేకు. మన ఫోన్లకి డయాగ్నస్టిక్ మోడ్ ఉన్నట్టు ఆయనకి అదీ. రెండో దారే మంచిదని ఆయనే చెప్పాడు. పదకొండు రోజులు పట్టింది.

తర్వాత బ్రేకులు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. వీల్ సిలిండర్లు కారుతున్నాయి, రబ్బరు గొట్టాలు పగుళ్ళు బారాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. పాతబడేకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి, లోపల ఆయిల్ మరిగి, పెడల్ కింద దాకా వెళ్ళిపోవడానికి ఒక కారణం ఇదే. కొత్త ఆయిల్ డబ్బా ఖరీదు ఎంతో తెలుసా? మనం ఫోన్‌కి వేసుకునే ఒక మంచి టెంపర్డ్ గ్లాస్ అంత.

టైర్ల విషయంలో ఒక చిట్కా. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. నా బండి టైర్లకి గాడులు బాగానే కనిపించాయి. కోడ్ చూస్తే పదేళ్ళు దాటిపోయాయి. రబ్బరు గట్టిపడి పగుళ్ళిచ్చింది. అయిదూ మార్చేశాను, స్టెప్నీతో సహా.

ఎమ్ఏహెచ్ వదిలేసి వాట్-అవర్ పట్టుకోండి

ఇప్పుడు మనకి ఇష్టమైన సబ్జెక్ట్. ఫోన్ల పుణ్యమా అని మనందరికీ ఎమ్ఏహెచ్ అలవాటు. వ్యాన్‌లో అది పనికిరాదు, వోల్టేజ్ మారితే లెక్క మారిపోతుంది. వాట్-అవర్‌లోనే ఆలోచించాలి. ఒక 20,000 ఎమ్ఏహెచ్ పవర్ బ్యాంక్ 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు. నేను కొన్నది 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. అంటే 1,280 వాట్-అవర్లు. సుమారు పదిహేడు పవర్ బ్యాంకులు.

ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ చవక కదా అనొచ్చు. కానీ దాన్ని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. పైగా అదే కెపాసిటీకి పాతిక కిలోలు దాటుతుంది. నేను తీసుకున్న రకం పన్నెండు కిలోల లోపే. ఎనభై శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. ఫోన్లలో ఉండే లిథియం రకాలతో పోలిస్తే ఇది వేడికి తట్టుకుంటుంది కూడా. మన మే నెల ఎండల్లో మూసి ఉన్న బండి లోపల ఎంత వేడి ఉంటుందో తెలుసుగా, ఆ మాట చిన్నది కాదు.

ఇక ఒక రోజు ఖర్చు. 20 వాట్ల ఫ్యాను రాత్రి 8 గంటలు: 160. ఎల్ఈడీ లైట్లు: 40. మూడు ఫోన్లు, ఒక్కోదానికి నష్టాలతో కలిపి 25 చొప్పున: 75. ల్యాప్‌టాప్ రెండు గంటలు: 120. మొత్తం 395 వాట్-అవర్లు. నా బ్యాటరీలో వాడుకోదగ్గది దాదాపు 1,020. అంటే ఎండ అసలు లేకపోయినా రెండున్నర రోజులు. దీనికి కంప్రెసర్ ఫ్రిజ్ కలిపితే రోజుకి ఇంకో 400 నుంచి 500 పెరుగుతుంది, లెక్క రెట్టింపు. నేను ఫ్రిజ్ గీత కొట్టేసి, ఐస్ బాక్స్ తీసుకున్నాను. ఏసీ సంగతి అసలు అడగొద్దు. రాత్రంతా నడవాలంటే ఇలాంటి బ్యాటరీలు నాలుగైనా కావాలి.

సోలార్‌లో ఒక తమాషా ఉంది. ప్యానెల్‌కి ఎండ కావాలి, మనకి నీడ కావాలి. టాప్ మీద బిగిస్తే రెండింట్లో ఒకటే దక్కుతుంది. పైగా వేడెక్కిన ప్యానెల్ తక్కువ కరెంటు ఇస్తుంది. అందుకే నేను రెండు 100 వాట్ల ప్యానెళ్ళని విడిగా పెట్టుకుని, ఆగిన చోట బయట ఎండలో వాలుగా నిలబెడతాను. బండి చెట్టు కింద ఉంటుంది. రెంటినీ సిరీస్‌లో కలపడం వల్ల వోల్టేజ్ పెరిగి కరెంటు తగ్గుతుంది, పొడవాటి వైరులో నష్టం తక్కువ. మంచి ఎండ రోజున 700 వాట్-అవర్ల దాకా వస్తున్నాయి.

ఇంతవరకూ చదివితే నాకు అన్నీ తెలుసనిపిస్తుంది కదా? నాకూ అలాగే అనిపించింది.

మారేడుమిల్లిలో ఆ తెల్లవారుజాము

బండి రెడీ అయ్యాక మావయ్యకి చూపించాను. చుట్టూ తిరిగి చూశాడు. రంగు బాగుందన్నాడు. బ్యాటరీ దగ్గర వంగి అడిగాడు.

"ఏరా అల్లుడూ, ఫ్యూజ్ ఎక్కడ పెట్టావు?"

"బ్యాటరీలోనే బీఎంఎస్ ఉంది మావయ్యా. ఎక్కువ లాగితే అదే కట్ చేసేస్తుంది."

"అది సరే. నేనడిగింది ఫ్యూజ్ గురించి."

నేను నవ్వేశాను. పాతకాలం మనిషి అనుకున్నాను. యాప్ తెరిచి బ్యాటరీ సెల్స్ వోల్టేజ్ చూపించాను. ఆయన ఇంకేం అనలేదు.

డిసెంబరులో అమ్మా నాన్నతో మారేడుమిల్లి వెళ్ళాం. ఒక గెస్ట్‌హౌస్ వాళ్ళని అడిగి, వాళ్ళ ఆవరణలో బండి పెట్టుకున్నాం. బండిలో పరుపు ఇద్దరికే సరిపోతుంది. వాళ్ళు లోపల, నేను పక్కనే టెంట్‌లో. తెల్లవారుజామున నాలుగున్నరకి నాన్నకి మెలకువ వచ్చింది. ఆ చలిలో నన్ను లేపడం ఎందుకని ఆయనే కెటిల్‌లో నీళ్ళు పోసి ప్లగ్ పెట్టారు. వెయ్యి వాట్ల కెటిల్. నా ఇన్వర్టర్ 1,500 వాట్లది. నేనే గొప్పగా చెప్పి ఉన్నాను, ఏం కావాలన్నా పెట్టుకోండి అని.

అమ్మ అద్దం మీద కొడుతూ పిలిచిన పిలుపుకి లేచాను. "ఒరేయ్, ఏదో కాలుతున్న వాసన వస్తోంది." తలుపు లాగితే ప్లాస్టిక్ పొగ. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి వెళ్ళే వైరు మెత్తబడి, పైతొడుగు కరిగి కారుతోంది. ఆ వైరు ఒక రేకు రంధ్రంలోంచి వెళ్తోంది. అంచుకి రబ్బరు బుష్ కూడా పెట్టలేదు నేను. అక్కడి నుంచి ఫోమ్ పరుపుకి రెండంగుళాల దూరం.

కెటిల్ పీకేసి, అమ్మని, నాన్నని కిందికి దించి, స్పానర్‌తో టెర్మినల్ విప్పాను. చేతులు వణుకుతూ ఉంటే నట్టు రెండుసార్లు జారింది. మంట రాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న మాత్రం చాలాసేపు "నేనే పెట్టకుండా ఉండాల్సిందిరా" అంటూనే ఉన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తప్పు ఆయనది కాదు. కెటిల్ వాడినవాడిది ఎలా అవుతుంది?

బీఎంఎస్ కాపాడేది బ్యాటరీని, వైరుని కాదు

ఏం జరిగిందో లెక్క వేసుకుంటే చాలా సింపుల్. వెయ్యి వాట్లు, 12 వోల్టులు. అంటే 83 ఆంపియర్లు. ఇన్వర్టర్‌లో పోయే నష్టం కలిపితే 95 దాకా. ఇంట్లో 230 వోల్టుల దగ్గర ఇదే కెటిల్ లాగేది నాలుగున్నర ఆంపియర్లే. మనకి అలవాటైన సన్న వైర్లు అందుకే అక్కడ సరిపోతాయి, ఇక్కడ సరిపోవు.

నా బీఎంఎస్ పరిమితి 100 ఆంపియర్లు. 95 దగ్గర అదెందుకు కట్ చేస్తుంది? దాని దృష్టిలో అంతా మామూలే. నేను వాడిన వైరు ఆన్‌లైన్‌లో కొన్న కిట్‌లోది. ప్యాకెట్ మీద 100 ఆంప్స్ అని ఉంది. తర్వాత కోసి చూస్తే పైన తొడుగు మందంగా ఉంది, లోపల తీగలు సన్నగా ఉన్నాయి, అదీ రాగి పూత పూసిన అల్యూమినియం. అది సగం కరెంటుకే వేడెక్కే సరుకు. ప్రాసెసర్ పేరు చూడకుండా ఎవరైనా ఫోన్ కొంటే మనం నవ్వుతాం. నేను వైరు కోసి చూడకుండా దాని మీద అమ్మానాన్నల్ని పడుకోబెట్టాను.

ఫ్యూజ్ పని వైరుని కాపాడటం. ఎంచుకునే రూలు ఒక్కటే: వాడే కరెంటు కంటే కొంచెం ఎక్కువ, వైరు మోయగలిగే కరెంటు కంటే తక్కువ. పెట్టాల్సిన చోటు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరం లోపల. ఎందుకంటే ఫ్యూజ్‌కి ముందున్న వైరుకి రక్షణ ఉండదు. వైరు రేకులోంచి వెళ్ళే ప్రతి చోటా రబ్బరు బుష్ తప్పనిసరి. బండి కుదుపులకి రేకు అంచు నెమ్మదిగా తొడుగుని కోసేస్తుంది.

ఇప్పుడు నా బండిలో 1,500 వాట్ల ఇన్వర్టర్ లేదు, అమ్మేశాను. 300 వాట్లది ఉంది, ల్యాప్‌టాప్‌కి అది చాలు. 10 చదరపు మిల్లీమీటర్ల అసలైన రాగి వైరు, 40 ఆంపియర్ల ఫ్యూజ్. హోల్డర్‌తో కలిపి ఫ్యూజ్ ఖర్చు 300 రూపాయలు దాటలేదు. నీళ్ళు కాచుకోవడం, వంట అన్నీ చిన్న గ్యాస్ స్టవ్ మీద, బండి బయటే. మూసిన బండిలో స్టవ్ వెలిగిస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. చలిగా ఉందని లోపల వెలిగించొద్దు.

మావయ్యకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నా. తిట్టలేదు. "ఆంప్లిఫయర్ కాలిపోతే ఇంకోటి కొనుక్కుంటాం రా. తాటాకు పందిరి అంటుకుంటే? అందులో ఎంతమంది ఉంటారు? అందుకే పందిట్లోకి వెళ్ళగానే నేను ముందు ఫ్యూజ్ చూసుకునేవాణ్ణి, తర్వాతే మైక్ టెస్టింగ్" అన్నాడు. ఆ పాతకాలం మనిషే ఆ తర్వాతి ఆదివారం వచ్చి, నాతోపాటు కూర్చుని వైరింగ్ అంతా మళ్ళీ చేయించాడు.

కాగితాలు కూడా స్పెక్సే

వీడియోల్లో ఎక్కువమంది చెప్పనిది ఇదే. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగా చెప్పింది. సీట్లు పీకేసి మంచం బిగించడం, టాప్ కోసి ఎత్తు పెంచడం సరదాగా చేసేసే పనులు కావు. ఫ్యాక్టరీలో తయారయ్యే మోటార్ కారవాన్లకైతే ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణాలే ఉన్నాయి. చెప్పకుండా మార్పులు చేస్తే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇబ్బందే.

అందుకే నేను సీట్లు, బెల్టులు, వాటి బోల్టులు ఏవీ ముట్టుకోలేదు. రాత్రి వెనక సీటు మడిచి, దాని మీదుగా మూడు ప్లైవుడ్ పలకలు పరిస్తే మంచం. పగలు అవి వెనక లగేజీ చోటులో పట్టీలతో కట్టేసి ఉంటాయి. పట్టీలు ముఖ్యం, సడన్ బ్రేక్ వేస్తే పన్నెండు కిలోల బ్యాటరీ గుండులా ముందుకొస్తుంది. బరువు కూడా చూసుకోండి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8x4 షీట్ ఒక్కటే దాదాపు పాతిక కిలోలు. ఓమ్ని లాంటి బండికి అది చిన్న బరువు కాదు. మీరు ఏదైనా శాశ్వతంగా బిగించాలనుకుంటే ముందు ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి, తర్వాత డ్రిల్ తీయండి. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవాలి, అది అయిదేళ్ళకి చెల్లుతుంది. నేను మొదట చేసింది ఇదే అయ్యుంటే బాగుండేది, చేసింది చివర్లో.

వర్త్ ఆ? కాదా?

నా ఖర్చు దాచకుండా చెప్తా. టింకరింగ్, రంగు 34,000. బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ 27,000. ఇంజిన్ పని 14,000. బండి సొంత వైరింగ్ 6,000. ప్లైవుడ్, పరుపు, కర్టెన్లు 16,000. బ్యాటరీ, ప్యానెళ్ళు, కంట్రోలర్, ఇన్వర్టర్, వైర్లు 48,000. కాగితాలు, ఇన్సూరెన్స్ 12,000. మొత్తం 1,57,000. ఇందులో 81,000, అంటే సగానికి పైగా, ఫొటోల్లో కనిపించని వాటికే పోయింది. నా మొదటి స్ప్రెడ్‌షీట్‌లో ఆ డబ్బు లేనే లేదు.

డబ్బు లెక్కలో చూస్తే నష్టమే. ఆ మొత్తంతో చాలాసార్లు హోటల్ గదులు తీసుకోవచ్చు. అలాంటప్పుడు ఎందుకు? దీనికి నా దగ్గర ఒకటే జవాబు ఉంది. మన ఫోన్లు జిగురుతో అతికించి వస్తాయి, బ్యాటరీ మార్చాలన్నా సర్వీస్ సెంటర్ దయ. ఈ బండి అలా కాదు. ప్రతి బోల్టూ విప్పొచ్చు. పార్టులు మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి. ఏది ఎందుకు పాడైందో మనకే అర్థమవుతుంది. టెక్నాలజీ ఇష్టమని చెప్పుకునే మనం, సొంత చేత్తో ఒక్క వస్తువునైనా పూర్తిగా అర్థం చేసుకుని ఉండాలి కదా.

వైరింగ్ మీద నమ్మకం లేనివాళ్ళకి నా సలహా, మొహమాటం లేకుండా రెడీమేడ్ పోర్టబుల్ పవర్ స్టేషన్ కొనుక్కోండి. వాట్-అవర్ లెక్కన ఖరీదు ఎక్కువే. కానీ రక్షణలన్నీ లోపలే ఉంటాయి, బండిలో ఏమీ మార్చక్కర్లేదు. అది తక్కువతనం కాదు, తెలివైన పని.

సొంతంగా చేసుకునేవాళ్ళు మాత్రం ఈ వరుస మార్చొద్దు: కాగితాలు, తుప్పు, బ్రేకులు, టైర్లు, వైర్లు, ఫ్యూజులు. ఆ తర్వాతే మీ స్ప్రెడ్‌షీట్.

మొన్న సంక్రాంతికి మళ్ళీ బయల్దేరదామంటే అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఫ్యూజ్ ఎక్కడుందో చూపించమంది. చూపించాను, కాలిపోతే మార్చడానికి స్పేర్ ఎక్కడుందో కూడా చెప్పాను. అప్పుడు బ్యాగ్ సర్దుకుంది. నా బండికి వచ్చిన మంచి రివ్యూ అదే.